మధ్యలో ఆపకూడదు

మోరీన్ సగ్డెన్ కారు రోజుకి మూడు మైళ్ళు నడుస్తుంది.
బడి వంటింటికి ఒకటిన్నర, తిరిగి ఇంటికి ఒకటిన్నర.
గోరువెచ్చనైనా కాకముందే ఆగిపోయే ఇంజను.

కీత్లీలో నవంబరు. షట్టరెత్తేసరికి
తడి కోటుతో, చేతిలో తాళంతో నిలబడి ఉంది.
"నారింజ దీపం వెలిగింది. నేనేం చేయలేదు."
అదేనండీ జబ్బు, మీరేం చేయకపోవడం.

ఆటోనగర్‌లో నేర్చిన ముక్కు నాది.
డిప్‌స్టిక్ లాగి, తుడిచి, మళ్ళీ ముంచి
పులుసు చూసినట్టు వాసన చూశాను.
గీత దాటి వేలెడు నూనె.
పెరిగిందని మురిసే సరుకు కాదిది.
మసి కాల్చడానికని ఇంజను తనే పోసుకున్న డీజిలు
కాలే తీరిక దొరక్క కిందికి జారింది.
పాలలో నీళ్ళు పోస్తే మనుషులు పట్టేస్తారు,
నూనెలో డీజిలు కలిస్తే బేరింగులే పట్టేస్తాయి.

లాప్‌టాప్ తగిలిస్తే లెక్క చెప్పింది:
ఫిల్టరులో మసి డెబ్భై ఎనిమిది శాతం.

పొయ్యి వెలిగించడం, ఎసరు మరగకముందే ఆర్పడం,
మళ్ళీ వెలిగించడం, మళ్ళీ ఆర్పడం.
ఆరేళ్ళు ఇలా వండితే గిన్నె ఏమవుతుందో
మూడొందల మంది పిల్లలకి వండే మనిషికి
నేను చెప్పాలా?
"అడుగంటినదానికి నాకు తెలిసినవి రెండే," అంది.
"నానబెట్టడం. లేదంటే ఎర్రగా కాల్చడం."
రెండోదే, అన్నాను.

వీధి చివర ఒకడున్నాడు.
ఫిల్టరు డబ్బా కోసి, లోపలిదంతా పెకలించి,
మళ్ళీ అతికి, కంప్యూటరు నోరు మూసి,
మసిపూసి మారేడుకాయ చేసి ఇస్తాడు.
కారు భలే ఉషారుగా పోతుంది.
మసి ఎక్కడికీ పోదు, చిరునామా మార్చుకుంటుంది.
తోపుడు బండిలో కూర్చున్న పసిదాని ముక్కు
సరిగ్గా ఆ గొట్టం ఎత్తులోనే ఉంటుంది.

ముందు నూనె మార్చాను. నల్లటి నీళ్ళలా దిగింది.
"నా కారు నేను లేకుండా ఎక్కడికీ వెళ్ళలేదు,"
అంటూ పక్క సీట్లో కూర్చుంది.
లాప్‌టాప్ ఒళ్ళో పెట్టాను.

మోటర్‌వే. నాలుగో గేరు. ముల్లు రెండున్నర వేల మీద.
పోయే దారికీ వచ్చే దారికీ మధ్య ఇరుక్కుని
ఒక పొలం ఇల్లు, దాని చుట్టూ గొర్రెలు.
ఆవిడ అటు చూడలేదు.
ఓవెన్ చూసే కళ్ళతో అంకెలు చదువుతోంది:
"మూడొందల పది. నాలుగొందల యాభై.
ఆరొందలు! నా ఓవెన్‌కి జన్మలో రాదిది."
కాస్త ఘాటైన వాసన. మసి రాజుకుంది.

"వచ్చే దారిలో తిప్పేయండి.
తొమ్మిదిన్నరకి బంగాళదుంపల పని."
అప్పటికి మసి నలభై ఆరు.
ఇప్పుడు ఆపితే మళ్ళీ మొదటికి, అన్నాను.
డీజిలు మళ్ళీ కొత్త నూనెలోకి.

కాసేపు వైపర్ల చప్పుడు. తర్వాత ఫోను తీసింది.
పంతొమ్మిదేళ్ళలో తొలిసారి ఆలస్యమవుతుందని చెప్పింది.
"కాలుతోంది, బెర్నీ. మధ్యలో ఆపకూడదు."
అవతల కేక.
"ఇల్లు కాదే! మసి!"

నిప్పు లేనిదే పొగ రాదంటారు మావాళ్ళు.
డీజిలు దగ్గర దాన్ని తిరగేయాలి:
నిప్పు చాలకే ఈ పొగంతా.

ముప్పై. పంతొమ్మిది. తొమ్మిది.
తొమ్మిది దగ్గర ఆవిడే చెప్పింది, "ఇక తిప్పండి."

నెలకోసారి ఇలా నలభై నిమిషాలు, అన్నాను,
లేదా అమ్మేసి పెట్రోలుది కొనుక్కోండి.
"నెలకోసారా..." వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది.
"గురువారం పాస్తా. అది బెర్నీ చేసేస్తుంది."

ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చింది, మళ్ళీ దీపం.
చూస్తే మూడో సిలిండరు గ్లో ప్లగ్గు.
పరీక్ష ప్యాసైన పిల్లలా
గ్యారేజీ మొత్తానికి వినపడేట్టు చెప్పింది:
"ఈసారి మసి కాదు."